దాపున ఉంచిన నకలు

నేనిప్పుడు మాట్లాడుతున్నది చంద్రగిరిలో ఒక్కరే వింటున్నా, చంద్రగిరి నుంచి పుత్తూరు దాకా ఇంటింటా వింటున్నా ఆకాశవాణికి అయ్యే ఖర్చు ఒకటే. వినేవాళ్ళు పెరిగారని ట్రాన్స్‌మిటర్ ఎక్కువ కరెంటు తాగదు. ఒక తరంగం బయల్దేరుతుంది, రేడియో పెట్టుకున్నవాళ్ళంతా దాన్నే పట్టుకుంటారు. ఇంటర్నెట్ సంగతి అట్లా కాదు. అక్కడ ఒక బొమ్మను వెయ్యిమంది చూడాలంటే ఆ బొమ్మను వెయ్యిసార్లు పంపాలి. బొమ్మ అదే, దారి అదే, తీగ అదే. పంపినదాన్నే మళ్ళీ మళ్ళీ పంపే ఈ వెట్టిచాకిరీని తగ్గించే ఉపాయం ఒకటుంది. ఈ పూట దాని గురించి చెప్పుకుందాం.

దాని పేరు క్యాష్. జేబులో పెట్టుకునే క్యాష్ కాదు. రెంటినీ ఒకేలా పలుకుతాం కాబట్టి రేడియోలో ఈ మాట చెప్పడం కొంచెం చిక్కే. దాచడం అనే అర్థమున్న ఫ్రెంచి మాట నుంచి ఇది వచ్చింది. నన్నడిగితే తెలుగులో దీనికి 'దాపు' అన్న మాట అచ్చంగా సరిపోతుంది. దాపరికంలో ఉన్నదీ ఆ మాటే, ఊరికి దాపున అన్నప్పుడు దగ్గర అని చెప్పేదీ ఆ మాటే. దాచిపెట్టడం, దగ్గర పెట్టుకోవడం: క్యాష్ చేసే పనులు ఈ రెండే. అయితే కొత్త మాట పుట్టించి మీ నెత్తిన రుద్దే ఉద్దేశం నాకు లేదు. ల్యాబుల్లో అందరూ క్యాష్ అనే అంటారు, నేనూ అదే అంటాను.

2003 ప్రాంతంలో తిరుపతి దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసుకునేవాణ్ణి. వి.ఎస్.ఎన్.ఎల్. మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ ఇచ్చింది 1995 ఆగస్టు 15న. ఎనిమిదేళ్ళకు అది మా ల్యాబు దాకా వచ్చింది గానీ బాగా సన్నబడి వచ్చింది. నలభై కంప్యూటర్లకూ కలిపి ఒక్క లైను, సెకనుకు 64 కిలోబిట్లు. అంటే 8 కిలోబైట్లు. వంద కిలోబైట్ల పేజీ ఒకటి దిగాలంటే, లైను మొత్తం మనకే వదిలేసినా, పన్నెండున్నర సెకన్లు పడుతుంది. ఇరవైమంది పిల్లలు అదే పేజీని ఒకేసారి తెరిస్తే 250 సెకన్లు, నాలుగు నిమిషాల పైమాటే. ఇంతకీ ఆ నాలుగు నిమిషాల్లో దిగిందేమిటి? ఒక యూనివర్సిటీ లోగో ఇరవైసార్లు, ఒక భవనం ఫోటో ఇరవైసార్లు, పైన కదిలే 'స్వాగతం' బొమ్మ ఇరవైసార్లు. పిల్లలకు కావలసిన నాలుగు వరుసల అక్షరాలు మాత్రం అన్నిటికంటే చివర వచ్చేవి.

మూలన పడివున్న పాత కంప్యూటర్ ఒకటి తీసి, దుమ్ము దులిపి, లినక్స్ వేసి, దానిమీద స్క్విడ్ పెట్టాం. స్క్విడ్ అంటే 1996 నుంచి ప్రపంచమంతా ఉచితంగా వాడుకుంటున్న క్యాష్ సాఫ్ట్‌వేర్. అప్పటినుంచి ల్యాబులో ఏ కంప్యూటరూ నేరుగా బయటికి పోదు. ఏ పేజీ కావాలన్నా స్క్విడ్‌నే అడగాలి. తన దగ్గరుంటే అక్కడికక్కడే ఇస్తుంది. లేకపోతే బయటికి పోయి తెచ్చి, ఒక నకలు తన దగ్గర ఉంచుకుని, అడిగినవాళ్ళకు ఇస్తుంది. అది చేసే ప్రతి పనీ ఒక చిట్టాలో రాసుకుంటుంది. ఆ చిట్టాను తెరమీద పెట్టుకుని కూర్చోవడం నాకు అప్పట్లో సినిమా చూసినంత సరదా. 'మిస్' అని ఒక్క వరుస పడేది, అంటే తన దగ్గర లేదు, బయటికి పోయింది అని. దాని కిందే 'హిట్', 'హిట్', 'హిట్' అంటూ పందొమ్మిది వరుసలు గబగబా దిగేవి. ఒకడు దారి నడిచాడు, పందొమ్మిదిమంది కూర్చున్నచోటే అందుకున్నారు. లైను అదే, కాలేజీ పైసా ఎక్కువ కట్టలేదు, కానీ పిల్లలు మాత్రం "సార్, నెట్ మార్చినారా?" అని అడిగారు.

ఈ ఆలోచన వెబ్‌తో పుట్టిందేమీ కాదు. కంప్యూటర్‌లో పెద్ద మెమరీ మందకొడిగా ఉంటుంది కాబట్టి, మాటిమాటికీ అక్కరకొచ్చేదాన్ని చిన్నదైన వేగపు మెమరీలో పక్కన పెట్టుకోవాలని 1965లో కేంబ్రిడ్జ్ ప్రొఫెసర్ మారిస్ విల్క్స్ రాశాడు. కొద్ది ఏళ్ళకే ఐబీఎం కంపెనీ తన సిస్టమ్ 360 మోడల్ 85 యంత్రంలో దాన్ని అమలుచేసి, దానికి క్యాష్ అని పేరు పెట్టింది. వెబ్ వచ్చాక చేసిందల్లా అదే పనిని ఊళ్ళ మధ్య, దేశాల మధ్య చేయడం.

దాచుకోవడంలో పెద్ద విద్య ఏమీ లేదు, మన ఇళ్ళలో ఆడవాళ్ళు ఆవకాయ జాడీతో తరతరాలుగా చేస్తున్నదే. దాచినది ఎంతకాలం చెల్లుతుందో తెలుసుకోవడంలోనే తిప్పలు. అది నాకు తెలిసిన రోజు ఇప్పటికీ గుర్తుంది.

పరీక్షల ఫలితాలొచ్చే రోజు. ల్యాబు కిటకిటలాడుతోంది. పదకొండున్నరకు పీలేరు వైపు పిల్ల ఒకతి నా బల్ల దగ్గరికి వచ్చింది. కళ్ళల్లో నీళ్ళు. "సార్, ఈడ ఇంగా రిజల్ట్స్ రాలేదంటా ఉండాది. మాయక్క మదనపల్లె నెట్ సెంటర్లో చూసి పాసయినావని ఫోన్ చేసింది. ఏది నమ్మేది సార్?" పోయి చూశాను. తెరమీద 'ఫలితాలు త్వరలో వెల్లడిస్తాము' అని పేజీ. రిఫ్రెష్ నొక్కాను, అదే పేజీ. పక్క కంప్యూటర్‌లో చూశాను, అదే పేజీ. అప్పటికి ఏడాదిగా ఇదే పని చేస్తున్నవాణ్ణి కాబట్టి అర్థమయ్యేసరికి చెమట పట్టింది. కంట్రోల్ మీద వేలు పెట్టి ఎఫ్5 నొక్కాను. అంటే, 'దాచినది వద్దు, అసలు చోటికి పోయి కొత్తది పట్టుకురా' అని. ఫలితాల పేజీ వచ్చేసింది. పొద్దున పదకొండు గంటలకే వెల్లడించారట. మా ల్యాబులో అరవైమంది పిల్లలు అరగంటసేపు, పొద్దున ఎనిమిదింటికి స్క్విడ్ దాచిపెట్టిన పాత పేజీని చూసుకుంటూ దేవుళ్ళకు మొక్కుకుంటున్నారన్నమాట.

ఎందుకిట్లా అయింది? ఆ పేజీని తయారుచేసినవాళ్ళు అది ఎంతసేపు చెల్లుతుందో ఎక్కడా రాయలేదు. రాయకపోతే స్క్విడ్ అంచనా వేసుకుంటుంది. ఆ అంచనా భలే తమాషాగా ఉంటుంది. పేజీని ఆఖరుసారి మార్చి ఎన్నాళ్ళయిందో చూస్తుంది. అందులో ఇరవై శాతం కాలం, మూడు రోజులు మించకుండా, ఇంకా మారదులే అనుకుంటుంది. ఆ పేజీని మార్చి అప్పటికి పది రోజులైంది. పది రోజుల్లో ఇరవై శాతం రెండు రోజులు. పది రోజులుగా కదలనిది ఇంకో రెండు రోజులు కదలదు అని దాని లెక్క. మనమూ రోజూ వేసే లెక్కే ఇది. పది రోజులుగా బస్సు ఎనిమిదింటికే వస్తోందంటే రేపూ ఎనిమిదింటికే వస్తుందనుకుంటాం. ఫలితాల రోజు మాత్రం ఆ లెక్క కుదరదు. తప్పు స్క్విడ్‌ది కాదు, దానికి ఆ ఒక్క సైటు సంగతి వేరని ముందే చెప్పి ఉంచని నాది. ఆ సాయంత్రమే దాని కాన్ఫిగరేషన్‌లో ఒక వరుస చేర్చాను. కానీ మొదటి బాధ్యత ఎవరిదని అడిగితే, సరుకు మీద గడువు రాయనివాళ్ళదే అంటాను, ఇప్పటికీ.

గడువు రాయడమంటే ఏమిటో మనకు పంచాంగం కంటే బాగా చెప్పేది లేదు. ఉగాదికి కొన్న పంచాంగం మళ్ళీ ఉగాది దాకా గోడకు వేలాడుతుంది. తిథి, వారం, వర్జ్యం కోసం రోజూ సిద్ధాంతిగారి ఇంటికి పరుగెత్తం. ఎప్పటిదాకా చెల్లుతుందో పంచాంగం అట్టమీదే ఉంది. వెబ్‌లోనూ ప్రతి ఫైలు వెంట కంటికి కనబడని చీటీ ఒకటి వస్తుంది. అందులో 'మ్యాక్స్ ఏజ్' అని సెకన్లలో రాస్తారు. ఏడాదికైతే 3,15,36,000 సెకన్లు. ఆ అంకె చూసిన బ్రౌజర్ ఏడాదిపాటు సర్వర్ మొహం చూడనక్కరలేదు. తన దగ్గరున్న నకలునే వాడుకుంటుంది.

ఇక్కడ మీకొక అనుమానం రావాలి. ఏడాది అని రాశాక, నెల తిరక్కుండానే లోగో మార్చాల్సి వస్తే? లక్షమంది ఫోన్లలో కూర్చున్న పాత లోగోను వెనక్కి పిలవడం ఎవరి తరమూ కాదు. దీనికి ఇంజనీర్లు కనిపెట్టిన మార్గం మన పెద్దలు ఎప్పుడో పాటించినదే. మన సంవత్సరాలకు పేర్లున్నాయి, అరవై. క్రోధి పంచాంగాన్ని ఎవరూ దిద్ది విశ్వావసు పంచాంగం చేయరు. కొత్తది కొత్త పేరుతో వస్తుంది, పేరు వేరు కాబట్టి రెండూ కలిసిపోవు. ఇక్కడా అంతే. ఫైలు మారినప్పుడల్లా దాని పేరులో నాలుగు అక్షరాలు మారుస్తారు. ఆ పేరు బ్రౌజర్ ఎన్నడూ విననిది కాబట్టి, అడిగి తెచ్చుకుంటుంది. పాతది మూలన పడి తనంతట తానే పోతుంది. ఎంత తేలికైన ఏర్పాటో చూడండి, దిద్దడం మానేసి పేరు మార్చడం.

గడువు తీరినంత మాత్రాన మొత్తం మళ్ళీ దింపుకోవాలనీ లేదు. "నా దగ్గర సోమవారం నాటి నకలుంది, ఆ తర్వాత ఏమైనా మారిందా?" అని బ్రౌజర్ అడుగుతుంది. మారకపోతే సర్వర్ 304 అని మూడంకెల జవాబిచ్చి ఊరుకుంటుంది. మారలేదు, ఉన్నదే వాడుకో అని దాని అర్థం. వంద కిలోబైట్లు కదలాల్సినచోట కొన్ని వందల బైట్లు కదిలాయి. తేదీ మీద నమ్మకం లేకపోతే, ఫైలుకు ఒక గుర్తు వేసి ఆ గుర్తు ఇంకా అదేనా అని అడగవచ్చు, రిజిస్టరు పార్శిలు మీద లక్కముద్ర చూసుకున్నట్టు. ఈ నియమాలు చాలావరకు ఇప్పుడు 2022 జూన్‌లో వెలువడిన ఆర్.ఎఫ్.సి. 9111 అనే పత్రంలో ఉన్నాయి. ఆసక్తి ఉన్న విద్యార్థులు చదవండి. అనుకున్నంత ముళ్ళకంప కాదు.

ఇక మన ఊరి సంగతికి వద్దాం. తిరుమల ప్రత్యేక ప్రవేశ దర్శనం, 300 రూపాయల టికెట్లు ఆన్‌లైన్‌లో వదిలే పూట తెలుగువాళ్ళకు కొత్తగా చెప్పనక్కరలేదు. కొన్నేళ్ళుగా సాధారణంగా నెలలో 24వ తేదీ పొద్దున పది గంటలకు. తొమ్మిదీ యాభైకే హైదరాబాద్‌లో, బెంగళూరులో, చెన్నైలో, అమెరికాలో నిద్ర మానుకుని కూర్చున్న మనవాళ్ళ ఇళ్ళల్లో ఫోన్లు సిద్ధంగా ఉంటాయి. పది కొట్టగానే అన్ని వేళ్ళూ ఒకేసారి పడతాయి. మనిషికి ఒక ఫోన్ కాదు, ఇంటికి నాలుగు ఫోన్లు, ఫోన్‌కు రెండు కిటికీలు. అందుకే అక్కడ వర్చువల్ క్యూ పెట్టి, కొండమీద కంపార్ట్‌మెంట్లలో కూర్చోబెట్టినట్టే, జనాన్ని వరసలో నిలబెడుతున్నారు.

ఇట్లాంటి సైటు ఎవరు కట్టినా పనిని రెండుగా చీల్చాల్సిందే. ఒక పక్క బొమ్మలు, అక్షరాల రూపాలు, వస్త్రధారణ నియమాలు, ఏ గుర్తింపు కార్డు తేవాలో చెప్పే పేజీలు. వీటిని ముందురోజే దేశమంతా పంచిపెట్టవచ్చు. ఇంకో పక్క, ఏ తేదీన ఏ గంటకు ఎన్ని టికెట్లు మిగిలాయన్న లెక్క. అది క్షణక్షణం తరిగిపోయేది. దాన్ని దాచి చూపిస్తే, లేని టికెట్ ఉందని చెప్పినట్టవుతుంది. ఈ తేడాకు పోలిక కొండమీదే దొరుకుతుంది. 2020 మే నెలలో, లాక్‌డౌన్ వల్ల దర్శనాలు ఆగినప్పుడు, దేవస్థానం వారు లడ్డూలను జిల్లా కేంద్రాల్లోని కల్యాణ మండపాలకు పంపించి సగం ధరకు, 25 రూపాయలకు, అమ్మారు. లడ్డును ఊరూరికీ పంపవచ్చు. దర్శనాన్ని పంపలేం, దానికి కొండెక్కాల్సిందే. సైటు కట్టే ఇంజనీరు ప్రతి పేజీ ముందూ నిలబడి వేసుకోవలసిన ప్రశ్న ఇదొక్కటే: ఇది లడ్డా, దర్శనమా?

పది గంటలకు సర్వర్ కూలబడకుండా ఉండాలంటే, దాని దాకా వచ్చేవి దర్శనం లాంటి అభ్యర్థనలు మాత్రమే కావాలి. గోపురం బొమ్మ కోసం కూడా లక్షలమంది దాని గుమ్మమే ఎక్కితే, టికెట్ లెక్క చెప్పే తీరిక దానికెక్కడిది? డేటా చవకైందిగా, ఇంకా ఈ పొదుపెందుకు అనేవాళ్ళకు నా జవాబు ఇదే. మనకు చవకయింది సరే, అటువైపు జవాబు చెప్పే సర్వర్‌కు పదిమంది పని ఒక్కటే చేసే శక్తి రాలేదు. పైగా తలకోన అడవి దారిలో ఒక గీత సిగ్నల్‌తో నిలబడి చూడండి, డేటా చవక అన్న మాట నోట రాదు.

మూడో రకం పేజీ ఇంకొకటుంది, మీ పేరు, వయసు, ఆధార్ నంబరు ఉన్న మీ సొంత పేజీ. ఇది మీ ఫోన్‌లో ఉండవచ్చేమో గానీ, పదిమంది పంచుకునే క్యాష్‌లో ఉండనే కూడదు. 2015 డిసెంబరు 25న, క్రిస్మస్ రోజు, కంప్యూటర్ గేములు అమ్మే స్టీమ్ అనే పెద్ద సైటులో క్యాష్ ఏర్పాటు ఒకటి తప్పింది. ఒకరి ఖాతా పేజీ ఇంకొకరికి కనబడింది. దాదాపు 34,000 మంది వివరాలు, కొనుగోళ్ళ చిట్టా, బిల్లు చిరునామా లాంటివి పరాయివాళ్ళ కంటపడి ఉండవచ్చని ఆ కంపెనీయే చెప్పుకుంది. దొంగలెవరూ గోడ దూకలేదు. దాచకూడనిది దాచారు, అంతే.

ఊరూరా నకళ్ళు ఉంచడం అన్నది కూడా మనం ఒకసారి చూసిందే. ఒకప్పుడు తిరుపతికి పేపరు మద్రాసులోనో విజయవాడలోనో అచ్చయి, రైలెక్కి వచ్చేది. 1982లో ఈనాడు తిరుపతిలోనే అచ్చు మొదలుపెట్టింది. అప్పుడు కదిలింది పేపరు కట్టలు కాదు, అందులోని విషయం. అది ఒక్కసారి వచ్చింది, ఇక్కడ వేలల్లో అచ్చయింది. తర్వాత జిల్లా పేజీలూ వచ్చాయి, చిత్తూరు వార్త చిత్తూరు వాళ్ళకే. 1998లో అమెరికాలో ఎం.ఐ.టి. వాళ్ళు, ప్రొఫెసర్ టామ్ లేటన్, ఆయన శిష్యుడు డానీ లూయిన్, పెట్టిన అకమై కంపెనీ వెబ్‌లో చేసింది ఈ పనే. ఈరోజు మీరు ఫోన్‌లో చూసే సినిమా పాట చాలాసార్లు సముద్రం దాటి రావడం లేదు. గూగుల్, నెట్‌ఫ్లిక్స్ లాంటి కంపెనీలు ఇంటర్నెట్ ఇచ్చే సంస్థల దగ్గరే తమ క్యాష్ పెట్టెలు పెట్టి ఉంచుతాయి. ఒకరి కోసం వచ్చిన పాట అక్కడ మకాం వేస్తుంది, వీధిలో తక్కినవాళ్ళకు అక్కడి నుంచే అందుతుంది.

మా స్క్విడ్ ఏమైందని అడుగుతారేమో. దాని కాలం చెల్లింది. సైట్లన్నీ తాళం వేసిన హెచ్.టి.టి.పి.ఎస్. దారికి మళ్ళాక, మధ్యలో కూర్చున్న కంప్యూటర్‌కు అతికించిన కవర్లు పోతూ కనబడతాయి తప్ప లోపలి ఉత్తరం కనబడదు. చదవలేనిదాన్ని దాచి ఏం లాభం? ఆ పని బ్రౌజర్‌కూ, సైటు యజమాని కుదుర్చుకున్న పంపిణీ కంపెనీకీ పోయింది. 2020 అక్టోబరు నుంచి క్రోమ్ బ్రౌజర్ కూడా ఏ సైటు నకళ్ళు ఆ సైటుకే వేరుగా దాస్తోంది. రెండు సైట్లు ఒకే ఫైలు వాడినా రెండుసార్లు దింపుకోవాలి. మనం ఎక్కడెక్కడ తిరిగామో క్యాష్‌ను బట్టి పసిగట్టేవాళ్ళు బయల్దేరడమే దానికి కారణం. కొంత దండగ తిరిగొచ్చింది, కొంత గుట్టు దక్కింది. నాకైతే ఆ బేరం నష్టం అనిపించదు.

చివరగా, ఈ ప్రసంగం వింటున్నవాళ్ళలో కాలేజీలకు, దుకాణాలకు, మార్కెట్ యార్డులకు సైట్లు కట్టిపెట్టే మన కుర్రాళ్ళు చాలామంది ఉంటారు. మీతో ఒక్కమాట. రేపు మీ సైటు తెరిచి, ఎఫ్12 నొక్కి, నెట్‌వర్క్ అన్నచోట ఏ ఫైలు ఎన్నిసార్లు దిగుతోందో చూడండి. ప్రిన్సిపాల్ గారి ఫోటో 5 మెగాబైట్లు ఉంటే ముందు దాన్ని చిన్నది చేయండి. లోగోకు పేరులో గుర్తుపెట్టి ఏడాది గడువు రాయండి. టమాటా ధరల పేజీకి 'నో క్యాష్' అని రాయండి. దాచవద్దని కాదు దాని అర్థం, దాచుకో గానీ వాడేముందు ప్రతిసారీ నన్నడుగు అని. ఈ పేరు చూసి అనుభవమున్నవాళ్ళు కూడా మోసపోతుంటారు. దాచనే వద్దంటే 'నో స్టోర్', అది జనం సొంత వివరాలున్న పేజీలకు. ఇక ఫలితాల పేజీ పెట్టేవాళ్ళు మాత్రం, దయచేసి, గడువు రాయకుండా వదలకండి. మీరు రాయకపోతే ఎక్కడో ఒక యంత్రం అంచనా వేసుకుంటుంది, ఒక పిల్ల అరగంట ఏడుస్తుంది.